పొగ పొయ్యి గోడల మధ్య ఏం నింపుతున్నాం?

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరులో నాకు వెల్డింగ్ షాపు ఉంది, ఇరవై రెండేళ్లుగా అదే పని. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు, ట్రాక్టర్ ట్రాలీల రిపేర్లు చేస్తుంటాను. ఈ రెండు మూడేళ్లలో మాత్రం కొత్త పని ఒకటి మొదలైంది, మాంసాన్ని పొగలో నిదానంగా వండే పొయ్యి, అంటే స్మోకర్ చేయడం. కుర్రాళ్లు పాత డ్రమ్ము ఆటోలో వేసుకొచ్చి దించి, ఫోన్‌లో వీడియో చూపించి, "అన్నా, ఇట్లాంటి స్మోకర్ చేసియ్యాల" అంటారు. చేసిస్తున్నాను, నాకూ ఇష్టమైన పనే. ఆ మధ్య మీ ఆదివారం పేజీలో కూడా ఇంట్లోనే బార్బెక్యూ స్మోకర్ చేసుకోవడం గురించి ఫొటోలతో వేశారు. మాంసానికి పట్టించే మసాలా గురించి అర పేజీ రాశారు, వేడి బయటికి పోకుండా పొయ్యికి కట్టే ఇన్సులేషన్ గురించి మాత్రం ఏదో ఒకటి చుడితే చాలన్నట్టు ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ పేజీ చింపుకుని నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ మూడు రకాల సామాను తెచ్చారు, అందులో ఏ ఒక్కటీ తినే వస్తువు పక్కన పెట్టదగ్గది కాదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, అయినా వేయండి.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. స్మోకర్‌లో నిప్పు ఒక పక్క, మాంసం ఒక పక్క ఉంటుంది, మధ్యలో వేడి గాలి, పొగ మాత్రమే తిరుగుతాయి. లోపల వేడి 105 నుంచి 120 డిగ్రీల మధ్య నిలవాలి, అదీ ఐదారు గంటలు, గొర్రె తొడ మొత్తంగా పెడితే ఇంకా ఎక్కువే. ముదురు మాంసంలోని గట్టి పీచు ఆ నిదానపు వేడికే కరిగి జిగురవుతుంది, తొందరపడి కాలిస్తే తోలులా బిగుసుకుంటుంది. మనకు ఇది పూర్తిగా కొత్త సంగతేం కాదు. మా అవ్వ ఉప్పు, పసుపు పట్టించిన ఉప్పుకండలను దారానికి గుచ్చి కట్టెల పొయ్యి పైన దండెం మీద వేలాడదీసేది, వాన రోజుల్లో ఎండ లేకపోతే ఆ పొగకే అవి ఆరేవి.

"మన ఎండలకు ఇన్సులేషన్ ఎందుకన్నా, ఇదేమన్నా చలి దేశమా" అని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. బయట 40 డిగ్రీలు ఉన్నా లోపల 110 ఉండాలి కదా, ఆ తేడా అంతా పల్చటి రేకు గుండా బయటికి పోతూనే ఉంటుంది. డ్రమ్ము రేకు మందం ఎంత, ఒక మిల్లీమీటరు పైచిలుకు. గాలి వీస్తే వేడి దిగుతుంది, బొగ్గు వేస్తే ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది, ఆరు గంటలూ పక్కనే కూర్చుని కాపలా కాయాలి. కార్తీక మాసం వానల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. చల్లబడిన రేకుకు పొగ తగిలి తారులా కారుతుంది, ఆ బొట్లు మాంసం మీద పడితే వచ్చే చేదు ఏ మసాలా వేసినా పోదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇంట్లో పిల్లలు ఉంటారు, 110 డిగ్రీల రేకుకు చెయ్యి తగిలితే బొబ్బ లేచి చర్మం ఊడొస్తుంది. కాబట్టి ఇన్సులేషన్ కావాలి, అందులో అనుమానం లేదు. ఏం పెట్టాలన్న దగ్గరే అందరూ తప్పు చేస్తున్నారు.

మొదట వచ్చిన అబ్బాయి కొత్త టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ తెచ్చాడు. చల్లదనం నిలపడానికి థర్మాకోల్ మంచిదే, చేపల పెట్టెలకు అదే వాడతారు. కానీ నీళ్లు మరిగేంత వేడికి కూడా అది ఓర్వదు, మెత్తబడి కుంగిపోతుంది, నిప్పు తగిలితే నల్లటి పొగతో మండుతుంది. మాటలు చెప్పడం ఎందుకని చిన్న ముక్క తుంచి, అప్పుడే వెల్డింగ్ చేసి పక్కన పెట్టిన యాంగిల్ మీద పెట్టాను. చూస్తుండగానే అది ముడుచుకుని గోళీ అంతై ఇనుముకు అతుక్కుంది. ఆ అబ్బాయికి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండో ఆయన వయసులో పెద్దాయన, పాత ఫ్రిజ్ తెచ్చారు. తలుపు ఉంది, అరలు ఉన్నాయి, గోడల్లో ఇన్సులేషన్ ముందే ఉంది, కింద నిప్పు పెడితే సరిపోతుంది కదా అన్నది ఆయన లెక్క. చూడ్డానికి నిజంగానే తయారుగా ఉన్న స్మోకర్‌లానే ఉంటుంది. కానీ ఫ్రిజ్ లోపలి గోడ ప్లాస్టిక్, దాని వెనక నింపింది పాలీయురేథేన్ ఫోమ్. చల్లగా ఉంచడానికి చేసిన సామాను అది. వంద డిగ్రీల పైన గంటల తరబడి కాగితే ప్లాస్టిక్ వంకర్లు పోతుంది, ఫోమ్ రంగు తిరిగి ఘాటు వాసన కొడుతుంది, ఒకవేళ అంటుకుంటే వచ్చే పొగలో సైనైడ్ విషవాయువు ఉంటుంది. పైగా బాగా పాత ఫ్రిజ్ అరల కడ్డీలకు కాడ్మియం పూత ఉండే అవకాశం ఉంది, వాటిని మాంసం పెట్టే జాలీగా వాడితే ఆ విషం తిండిలోకి దిగుతుంది. ఆయన్ను ఒప్పించడానికి గంట పట్టింది. చివరికి మడత బందులు, పిడి మాత్రం విప్పుకుని మిగతాది గుజిరీకి వేసేశారు.

మూడో మనిషి తెచ్చింది చూసి మాత్రం నాకు నిజంగా భయమేసింది. ఇంటి వెనక కూలిపోయిన షెడ్డు తాలూకు సిమెంటు రేకులు తెచ్చి, వాటిని సన్నటి పట్టీలుగా కోసి డ్రమ్ము చుట్టూ కట్టమన్నాడు. తలుపు సందు మూయడానికని ఇనుప సామాన్ల అంగడిలో కొన్న తెల్లటి తాడు చుట్ట కూడా తెచ్చాడు. "బాయిలర్లకు ఇదే వాడతారంటన్నా, ఎంత మంటకైనా కాలదంట" అన్నాడు. కాలదు, నిజమే. అది ఆస్‌బెస్టాస్ తాడు, ఆ సిమెంటు రేకుల్లోనూ ఉండేది ఆస్‌బెస్టాసే. తెలుగులో రాతినార అంటారు, పేరుకు తగ్గట్టు రాయే నారలా చీలుతుంది. మన పక్కనే కడప జిల్లాలో పులివెందుల దగ్గర నేలలో ఈ రాతినార ఉంది, ఒకప్పుడు తవ్వేవాళ్లు. ఆ నార కంటికి కనపడనంత సన్నటి ముళ్లుగా విడిపోయి గాలిలో తేలుతుంది, పీలిస్తే ఊపిరితిత్తుల్లో గుచ్చుకుని ఉండిపోతుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి పైపొరకు వచ్చే మెసోథెలియోమా అనే ఇంకో క్యాన్సర్, ఇవన్నీ దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు బయటపడతాయి. అంత ఆలస్యం కాబట్టే ఎవరికీ దాని మీద అనుమానం రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందనే చెబుతోంది, యాభైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దగ్గర మాత్రం నార దిగుమతి చేసుకుని రేకులు చేయడం, అమ్మడం ఇంకా నడుస్తోంది.

ఇంటి మీద కదలకుండా ఉన్న రేకు వేరు, దాన్ని గ్రైండర్ పెట్టి కోయడం వేరు. కోసేటప్పుడు లేచే బూడిద రంగు దుమ్ములోనే ఉంది ప్రమాదమంతా. పని నేర్చుకునే రోజుల్లో నేను అట్లాంటి రేకులు మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోశాను, ఇంటికెళ్లి తల దులుపుకుంటే ఆ పొడి నట్టింట్లో రాలేది. వద్దని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు నా షాపులో పని నేర్చుకుంటున్న పిల్లోడికి పందొమ్మిదేళ్లు, వాడి చేత నేను ఆ రేకు కోయించను, ఎంత డబ్బులిస్తామన్నా సరే. ఇంకో సంగతి కూడా ఉంది, సిమెంటు రేకు నిప్పుకు దగ్గరగా ఉంటే ఫట్‌మని పగిలి ముక్కలు ఎగురుతాయి, రేకుల షెడ్డు అంటుకున్నప్పుడు ఆ శబ్దం విన్నవాళ్లకు తెలుసు. తలుపుకు తాడు కావాలంటే ఫైబర్‌గ్లాస్ తాడు అని అడిగి తీసుకోండి. 500 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, స్మోకర్ తలుపుకు అంత కూడా అక్కర్లేదు.

ఇక డ్రమ్ము సంగతి. 200 లీటర్ల డ్రమ్ము కొలత స్మోకర్‌కు చక్కగా సరిపోతుంది, కానీ గుజిరీలో కొన్నదాంట్లో ముందు ఏముండిందో కొనేవాడికి తెలీదు, అమ్మేవాడికీ తెలీదు. పురుగుమందు అయ్యుండొచ్చు, థిన్నర్ అయ్యుండొచ్చు. లేబుల్ గీకేసిన డ్రమ్మును నేను ముట్టుకోను. ఖాళీదే కదా అని గ్యాస్ కట్టర్ పెడితే అడుగున మిగిలిన నాలుగు చుక్కల ఆవిరి అంటుకుని బాంబులా పేలుతుంది. వంట నూనె డ్రమ్ము దొరికితే మేలు. అదైనా సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, బిరడాలు తీసి, కోసే గీత దాకా నీళ్లు నింపి అప్పుడే కోయాలి. లోపల ఎరుపో, గోధుమ రంగో పూత ఉంటే దాంతో వండకూడదు. ఇళ్లకు దూరంగా తీసుకెళ్లి కట్టెలతో గంటసేపు బాగా మండించి, చల్లారాక వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, వంట నూనె పట్టించి మళ్లీ కాచాలి, కొత్త దోసె పెనాన్ని వాడకానికి తెచ్చినట్టు. లోపల ఏ పెయింటూ వద్దు, వేడి తట్టుకుంటుందని డబ్బా మీద రాసిన పెయింటు కూడా బయటి వైపుకే.

జీఐ షీటు, అంటే జింకు పూసిన ఇనుప రేకు, లోపల వాడొద్దు. ఆ జింకు 420 డిగ్రీల లోపే కరిగిపోతుంది, ఎర్రటి బొగ్గుల వేడి అంతకన్నా చాలా ఎక్కువ. పెరుగు, నిమ్మకాయ పట్టించిన మాంసం జీఐ జాలీ మీద పెట్టినా ఆ పులుపుకు జింకు కరిగి తిండిలోకి వస్తుంది. జింకు పొగ ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. ఒకసారి వాన పడుతోందని షట్టర్ దించుకుని, గాలి ఆడని షెడ్డులో జీఐ పైపులు వరసగా వెల్డింగ్ చేశాను. సాయంత్రానికి నోట్లో ఏదో తియ్యటి ఇనుప రుచి, రాత్రికి వణుకుతో జ్వరం, రెండు దుప్పట్లు కప్పినా చలి ఆగలేదు. ఇంట్లోవాళ్లు మలేరియా అనుకున్నారు. మర్నాటి రాత్రికి దానంతటదే తగ్గింది, అది జింకు పొగ వల్ల వచ్చే జ్వరమని తర్వాత తెలిసింది. అయితే బయటి తొడుగుకు జీఐ బాగా పనికొస్తుంది. ఇన్సులేషన్ సరిగ్గా ఉంటే అక్కడ చెయ్యి పెట్టగలిగేంత వేడే ఉంటుంది, వానకు తుప్పూ పట్టదు. వెల్డింగ్ చేయకుండా రివిట్లు కొట్టించుకోండి.

జాలీకి స్టీలు వాడితే 304 రకం తీసుకోండి. అయస్కాంతం పెట్టి చూసి అతుక్కోకపోతే అది 304 అని అంగట్లో చెబుతారు, నమ్మొద్దు, చవక రకం 202 కూడా అయస్కాంతానికి అతుక్కోదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే దారి.

మరి గోడల మధ్య ఏం పెట్టాలి? నా షాపు వెనక ఉన్న స్మోకర్‌లో నేను పెట్టింది ఊక బూడిద. రైస్ మిల్లు బాయిలర్లలో, ఇటుక బట్టీల్లో ఊక కాలాక మిగిలే బూడిద, అడిగితే ఊరికే తీసుకుపొమ్మంటారు. సిమెంటు సంచి నిండా నింపినా మా పిల్లోడు ఒక చేత్తో ఎత్తుతాడు. అంత తేలిగ్గా ఎందుకుంటుందంటే అందులో సగానికి పైగా గాలే. పొట్టు కాలిపోయినా దాని గూడు అట్లాగే నిలుస్తుంది, చూపుడు వేలు మీద రెండు పలుకులు వేసుకుని వెలుతురులో చూస్తే పొట్టు మీది గీతలు కూడా కనిపిస్తాయి, నలిపితే పొడి అవుతుంది. ఆ గూళ్లలో గాలి కదలకుండా చిక్కుకుని ఉంటుంది, వేడిని ఆపేది ఆ కదలని గాలే. గాజు పీచుతో చేసే గ్లాస్ ఊల్ అయినా, మన దూది బొంత అయినా చేసే పని అదే. పైగా బాగా కాలిన ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండేదే, మన పొయ్యి వేడికి అది మండేది కాదు, కరిగేదీ కాదు.

లోపలి డ్రమ్ముకూ బయటి తొడుగుకూ మధ్య రెండు అంగుళాల సందు ఉంచాను. చాటతో కొంచెం కొంచెం పోస్తూ, తొడుగును బయటి నుంచి కర్రతో తడుతూ పోయాలి, అప్పుడు దానంతటదే కూర్చుంటుంది. గట్టిగా కుక్కితే గూళ్లు నలిగి గాలి పోతుంది, తట్టకుండా వదిలేస్తే పది రోజుల్లో కిందికి దిగి పైన జానెడు ఖాళీ పడుతుంది. పోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తెల్లగా బూడిద రంగులో ఉన్నదే తెచ్చుకోవాలి, నల్లగా ఉంటే ఇంకా బొగ్గు మిగిలి ఉన్నట్టు, నిప్పు గది పక్కన అది లోలోపలే రాజుకుంటుంది. పచ్చి ఊక అస్సలు వద్దు. పైన రేకు వంచి వాన నీళ్లు దిగకుండా మూసేశాను, అడుగున రెండు చిన్న రంధ్రాలు పెట్టి సన్న జాలీ అంటించాను, ఎప్పుడైనా తేమ చేరితే ఆవిరి పోవడానికి దారి ఉండాలి కదా.

అది పూర్తయిన రోజు లోపల వేడి కొలిచే మీటరు 115 చూపిస్తుంటే బయట అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టాను. గోరువెచ్చగా ఉంది అంతే, ఎండలో నిలబెట్టిన బైకు ట్యాంకు అంత కూడా లేదు. ఒట్టి డ్రమ్ముగా ఉన్నప్పుడు ఆరు గంటలకు మూడు కిలోల దాకా బొగ్గు పట్టేది, ఇప్పుడు కిలోన్నర పడుతోంది. మీటరు అన్నాను గనక చెబుతున్నా, కొన్న వెంటనే దాని ముల్లు మరిగే నీళ్లలో పెట్టి చూడండి, చిత్తూరులో 99 దగ్గర నిలవాలి. నేను కొన్నవాటిలో ఒకటి 85 చూపించింది.

ఇసుక నింపుదామని కూడా అంటుంటారు. ఇసుక వేడిని ఆపడం కన్నా తనలోకి లాక్కోవడం ఎక్కువ. గంటన్నర కాచినా లోపల వేడెక్కదు, బరువుకు కాళ్లు వంగిపోతాయి. నిప్పు గది లెక్క వేరు. అక్కడ కనీసం 4 మిల్లీమీటర్ల ఎంఎస్ ప్లేటు (మామూలు ఇనుప పలక) కావాలి, లోపల మంటకు తట్టుకునే ఇటుకలు, ఫైర్ బ్రిక్స్ పేర్చాలి, లేదంటే పలమనేరు వైపు కుమ్మరులు వాడేలాంటి బంకమట్టిలో ఊక కలిపి రెండు అంగుళాల మందాన పూయాలి. ఆ మట్టి నీడలో వారం ఆరాలి, తర్వాత రెండు మూడు రోజులు చిన్న మంటలే పెట్టాలి, లేకపోతే పెచ్చులు ఊడిపోతుంది. మామూలు సిమెంటుతో పూస్తే వేడికి పొడిపొడిగా రాలిపోతుంది.

బజారు సామానే కావాలనుకుంటే రాయి కరిగించి తీసిన పీచు, రాక్ ఊల్ మంచిది, 600 డిగ్రీలు కూడా దానికి లెక్క కాదు. గ్లాస్ ఊల్ స్మోకర్‌లో మాంసం ఉండే గది గోడలకు సరిపోతుంది, నిప్పు గది దగ్గర వద్దు, పీచును కలిపి ఉంచే జిగురు అక్కడ కాలిపోయి వాసన కొడుతుంది. సిరామిక్ పీచుతో చేసిన దుప్పటి, సిరామిక్ బ్లాంకెట్, 1260 డిగ్రీల రకం చెన్నైలో దొరుకుతుంది, ఒక అంగుళం మందం చాలు, కానీ దాని పీచు మీద కూడా క్యాన్సర్ అనుమానం ఉంది కాబట్టి చేతి తొడుగులు, మాస్కు లేకుండా కోయొద్దు. ఈ మూడింట్లో ఏది వాడినా రెండు రేకుల మధ్య పూర్తిగా మూసేయాలి. వీడియోల్లో చూపించినట్టు పైన చుట్టి అల్యూమినియం టేపు అంటిస్తే సరిపోదు, ఆ టేపు ఊడిన రోజు పీచంతా మాంసం మీదే పడుతుంది.

ఇన్సులేషన్ బాగా కుదిరాక ఒక కొత్త చిక్కు వస్తుంది, దాన్ని ఎవరూ చెప్పరు. చిన్న నిప్పుకే వేడి ఎక్కిపోతుంది, దాన్ని తగ్గించడానికి జనం గాలి దారులన్నీ మూసేస్తారు. అప్పుడు నిప్పుకు ఊపిరాడదు, మండకుండా కమురుతుంది, దట్టమైన తెల్ల పొగ వచ్చి మాంసం చేదెక్కుతుంది. పొగ గొట్టం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచి, కింది గాలి దారితోనే అదుపు చేయాలి, నిప్పు మాత్రం మొదటి నుంచీ చిన్నదే పెట్టుకోవాలి. గొట్టం నుంచి పల్చటి నీలిరంగు పొగ వస్తుంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. ఇంట్లో గానీ, మూసిన బాల్కనీలో గానీ దీన్ని వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

కట్టెల గురించి మనకు దిగులే లేదు. తోటల్లో కొట్టేసిన మామిడి కొమ్మలు ఉన్నాయి, జామ ఉంది. బీళ్లలో పెరిగే సీమ తుమ్మ అయితే అమెరికాలో టెక్సాస్ వాళ్లు పొగ మాంసానికి వాడే మెస్కీట్‌కు దగ్గరి చుట్టం. ఆరిన కట్టె అయితే చాలు. ప్లైవుడ్, రంగు వేసిన పాత తలుపులు, నీలగిరి కట్టె వద్దు.

సంపాదకులకు నా మనవి ఒకటే. ఇకపై ఇట్లాంటివి వేసేటప్పుడు మసాలా కొలతల పక్కనే థర్మాకోల్, ఫ్రిజ్ ఫోమ్, ఆస్‌బెస్టాస్, లోపలి వైపు జీఐ, లేబుల్ లేని డ్రమ్ము వాడొద్దని నాలుగు లైన్లు పెద్ద అక్షరాల్లో వేయండి. ఇనుప సామాన్ల అంగళ్లవాళ్లు కూడా తెల్లతాడు అడిగినవాడికి అది ఏ తాడో చెప్పి అమ్మాలి, ఆ మాట చెప్పడానికి వాళ్లకు ఖర్చేమీ కాదు.

థర్మాకోల్ తెచ్చిన అబ్బాయి మొన్న మళ్లీ వచ్చాడు, ఈసారి లేబుల్ ఉన్న వంట నూనె డ్రమ్ముతో. వాళ్ల మామ మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద సంచులు నా షాపు అరుగు మీద ఉన్నాయి. గంగమ్మ జాతరకు చుట్టాలొస్తారు, అప్పటికల్లా కావాలన్నా అని రోజూ సాయంత్రం వచ్చి చూసి పోతున్నాడు. నిప్పు గదికి పూసిన మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఇంకో నాలుగు రోజులు ఆగమని చెప్పాను.

ఇట్లు,
ఒక వెల్డింగ్ షాపు యజమాని,
మురకంబట్టు, చిత్తూరు.